మా బావమరిది దారి తప్పలేదు

మా బావమరిదికి విమానం నడిపే లైసెన్సు ఉంది. ఇంగ్లండులో ఉద్యోగం చేసుకుంటూ, సెలవు రోజుల్లో రెండు సీట్ల సెస్నా 152 ఎక్కి, కనీసం 45 గంటలు ఎగిరితే గాని చేతికి రాని ప్రైవేట్ పైలట్ లైసెన్సును అతను సంపాదించాడు. అది మొదలు విజయవాడ వచ్చినప్పుడల్లా మా ఇంటి స్టీరింగు అతని హక్కుభుక్తమైపోయింది.

కొన్నేళ్ల కిందట గుంటూరు బ్రాడీపేటలో మా పెద్దమ్మగారి మనవడి గృహప్రవేశానికి ముగ్గురం బయలుదేరాము. పాలు పొంగించే ముహూర్తం 10 గంటల 40 నిమిషాలకు. కారు కనకదుర్గ వారధి ఎక్కకముందే అతను నా ఫోనులో దారి చెప్పే గొంతును నొక్కేయించి, "పైలటు పక్కన కూర్చుని ఇదేం పని బావగారూ" అన్నాడు. వెనుక సీటులో కొత్త ప్రెషర్ కుక్కరు పెట్టెను ఒడిలో పెట్టుకున్న మా ఆవిడ, ఫోను ఆపినందుకు తమ్ముణ్ణి గాని, ఆపనిచ్చినందుకు నన్ను గాని ఏమీ అనలేదు. అనకపోవడంలోనే అంతా ఉంది.

మంగళగిరి గాలిగోపురం కనిపించేసరికి అతనికి పాఠం చెప్పే ఉత్సాహం వచ్చింది. పైలటు ముందు గడియారం చూసుకుని, ఆ వేళకు తాను ఎక్కడ ఉండాలో పటంలో వెతికి, ఆ తరువాతే ఆ గుర్తు కోసం నేలవైపు చూడాలట. దారి తప్పానన్న అనుమానం కలిగితే మాత్రం ఈ వరసను తిరగేసి, ముందు నేల మీద పెద్ద గుర్తులేవో చూసి, వాటిని పటంలో పట్టుకోవాలట. ఎందుకంటే పటాన్ని మనసులో పెట్టుకుని కిందికి చూసేవాడికి ఏ చెరువైనా తన చెరువులాగే కనిపిస్తుంది.

"అప్పటికీ తెలియకపోతే?" అని అడిగాను.

"సిగ్గుపడకుండా ఒప్పుకోవాలి బావగారూ, అదే అసలు విద్య" అన్నాడు. వీలుంటే విమానాన్ని ఇంకాస్త పైకి తీసుకుపోవాలట, ఎందుకంటే విమానం రేడియో తరంగాలు చూపులాగా తిన్నగా పోతాయి గనుక ఎంత పైనుంటే మాట అంత దూరం వినిపిస్తుంది. నేల మీది నుంచి అప్పటికే మాట్లాడుతున్న కంట్రోలర్ ఉంటే ఆయననే అడగాలి. ఎవరూ లేకపోతే ఆపద పిలుపుల కోసం ప్రపంచమంతటికీ ఉమ్మడిగా ఉన్న 121.5 మెగాహెర్ట్జ్‌కు మారి, రాడారుకు విమానం గుర్తును పంపే ట్రాన్స్‌పాండరులో వేరే సంఖ్య ఎవరూ ఇవ్వకపోయి ఉంటే 7700 పెట్టి, ప్రాణాల మీదికి వస్తే "మేడే" అనీ, అంతదాకా రాకపోతే "పాన్ పాన్" అనీ మూడేసి సార్లు పిలవాలి. ఇంగ్లండులో అయితే స్వాన్‌విక్ అనే చోట ఈ పిలుపుల కోసమే చెవి ఒగ్గి కూర్చునేవారు ఉంటారనీ, రేడియో మాట ఏ దిక్కుల నుంచి వస్తున్నదో చూసి విమానం ఎక్కడున్నదీ చెప్పేస్తారనీ, దారి తెలిసిన విద్యార్థులు కూడా అభ్యాసం కోసం "ట్రైనింగ్ ఫిక్స్" అని అడుగుతుంటారనీ వివరించాడు. నోరు విప్పడం ఆలస్యమైన కొద్దీ ఇంధనం తరిగిపోతుందన్న మాట దగ్గర కాజ టోల్‌గేటు దాటాము. నేను నిజంగానే ముచ్చటపడ్డాను.

బ్రాడీపేట చిరునామాలు పైలటు కోసమే పుట్టినట్టు ఉంటాయి. 4/2 అంటే నాలుగో లైను, రెండో అడ్డరోడ్డు. అక్షాంశం, రేఖాంశం చెప్పినంత కచ్చితం. చిక్కల్లా ఒక్కటే: రైలు పట్టాలకు అవతల ఉన్న అరండల్‌పేటకు కూడా లైన్లున్నాయి, అడ్డరోడ్లున్నాయి, వాటికి కూడా అంకెలే ఉన్నాయి.

"4/2. వచ్చేశాము" అని అతను కారాపిన చోట షామియానా ఉంది, గుమ్మానికి మామిడి తోరణం ఉంది. ఇల్లు మాత్రం నలభై ఏళ్ల నాటిది.

"గృహప్రవేశం పాతింట్లోనా?" అన్నాను.

"పాతిల్లు కొని రంగులు వేయించి ఉంటారు."

లోపల తెలిసిన ముఖం ఒక్కటీ లేదు. "కోడలి తరఫువాళ్లయి ఉంటారు." హాలు నడుమ పూలు చుట్టిన ఉయ్యాల ఉంది. "కొత్తింట్లో ఉయ్యాల ఉండకూడదా?" ఇంతలో ఎవరో పుణ్యాత్ములు మమ్మల్ని కూర్చోబెట్టి ఇడ్లీలు వడ్డించారు. తెలియనివాళ్లను మీరెవరని అడగకుండా ముందు విస్తరి వేసే ఊరు గుంటూరు. ఆ మర్యాద వల్ల మా అజ్ఞానం మరో పావుగంట సాగింది. మా ఆవిడ కుక్కరును అక్కడి ముసలమ్మగారి చేతిలో పెట్టగా, ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందమ్మా, ఉగ్గు వండటానికి పనికొస్తుంది" అన్నారు.

అప్పుడు నాకు వెనుక నుంచి "ఏమండీ, ఏమండీ, ఏమండీ" అని సన్నగా వినిపించింది. మామూలుగా మా ఆవిడ ఒక్కసారే పిలుస్తుంది. మూడుసార్లు పిలిచిందంటే అది ఏ రకం పిలుపో అరగంట కిందటే నేర్చుకున్నాను గనుక, చేయి కడుక్కునే నెపంతో వీధిలోకి వచ్చి, మూలనున్న పాన్ షాపు వద్దకు వెళ్లాను. మా బావమరిది శాస్త్రమూ నా శాస్త్రమూ "పాన్" అన్న ఆ ఒక్క మాట దగ్గర ఏకమయ్యాయి.

దుకాణదారు తమలపాకుకు సున్నం రాస్తూనే, ఎక్కడి నుంచి వస్తున్నాము, ఎవరింటికి, ఎంతమందిమి అని వరసగా అడిగి, "ఇది అరండల్‌పేట బాబూ. అది బారసాల. మీ 4/2 అవతల ఉంది, శంకర్‌విలాస్ బ్రిడ్జి ఎక్కి దిగండి" అని తేల్చేశాడు. మొత్తం అర నిమిషం పట్టింది, ఆ అర నిమిషంలో కిళ్లీ చుట్టడం కూడా పూర్తయింది.

లోపలికి వెళ్లి చెవిలో చెబితే, మూడో ఇడ్లీని చట్నీలో ముంచుతున్న మా బావమరిది ఎంతో నిబ్బరంగా, "దారి తప్పలేదు బావగారూ. తాత్కాలికంగా మన స్థానం విషయంలో అనిశ్చితి ఏర్పడింది, అంతే" అన్నాడు.

"ఒరేయ్, లేవరా" అంది వాళ్లక్క.

మేము బ్రాడీపేట చేరేసరికి పాలు పొంగి, చల్లారి, పాయసమై కూర్చున్నాయి. పసివాడి ఇంట పెట్టింది వెనక్కి అడగకూడదని మా ఆవిడ తీర్మానించడంతో, కవరులో డబ్బు పెట్టి చదివించాము.

తిరుగు ప్రయాణంలో ఎవరూ మాట్లాడలేదు. కాజ టోల్‌గేటు దగ్గర మా బావమరిది కారాపి, అద్దం దించి, రసీదు ఇస్తున్న కుర్రవాణ్ణి, "బాబూ, విజయవాడ ఇటేనా?" అని గంభీరంగా అడిగాడు. ఆ కుర్రవాడు నెత్తి మీద బారెడు అక్షరాలతో ఉన్న బోర్డు వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసి, వెనుక సీటులోని మా ఆవిడతో అన్నాడు: "మీరు నడపకూడదా అమ్మా?"