‘రేర్’ అంటే ఎన్నింటిలో ఎన్ని?

పాత లివర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగర్ దగ్గరి పిడిని కిందికి లాగి పైకి తెస్తే తర్వాతి గుండు ఎక్కే తుపాకి) అమ్మేవాడు ‘వెరీ రేర్’ అన్నప్పుడల్లా నేను ఒకటే అడుగుతాను: ఎన్నింటిలో ఎన్ని? ఆ లెక్క చెప్పలేకపోతే ఆ మాటకు ఒక్క డాలరు కూడా ఎక్కువ ఇవ్వను.

డాలస్ చుట్టుపక్కల గన్ షోలకు, అంటే తుపాకుల సంతలకు, చాలా ఏళ్లుగా వెళ్తున్నాను. కొత్తగా కొనడం మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అమెరికన్ కంపెనీ వించెస్టర్ రైఫిళ్ల దగ్గరే. పేరు పెద్దది, పైగా సినిమాల్లో చూసిన తుపాకి. కానీ ఆ కంపెనీ 1873 మోడల్ ఒక్కటే సుమారు 7 లక్షల 20 వేలు చేసింది. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1894 మోడల్ 70 లక్షలు దాటింది. నూరేళ్లు నిండినంత మాత్రాన ఇవి అరుదైపోవు. వీటికి ముందు 1860లలో వచ్చిన హెన్రీ రైఫిల్ 14 వేలకు అటూ ఇటూగానే తయారైంది. అక్కడ ఆ మాట వాడితే వింటాను.

అసలు మోసపోకూడనిది ‘లిమిటెడ్ ఎడిషన్’ దగ్గర. 1966లో వించెస్టర్ పేరుకు నూరేళ్లు నిండాయని తెచ్చిన ‘సెంటెనియల్ 66’ లక్షకు పైగా చేశారు. రెండేళ్ల తర్వాత వచ్చిన ‘బఫెలో బిల్’ కూడా లక్ష దాటింది. కొన్నవాళ్లంతా రేపు ధర పెరుగుతుందని అట్టపెట్టెతో సహా దాచుకున్నారు. అందుకే ఇప్పటికీ కొత్తవాటిలా దొరుకుతున్నాయి. అందరూ దాచుకున్నది అరుదెలా అవుతుంది?

నిజంగా అరుదైనది ‘వన్ ఆఫ్ వన్ థౌజండ్’. పరీక్షలో గుండ్లు బాగా దగ్గరగా పడిన బారెల్‌ను (గుండు వెళ్లే గొట్టాన్ని) ఏరి, దానికి ప్రత్యేకంగా మెరుగులు దిద్ది, 100 డాలర్లకు అమ్ముతామని 1875లో కంపెనీ ప్రకటించింది. 1873 మోడల్‌లో అలాంటివి నూటముప్ఫై పైచిలుకు మాత్రమే వచ్చాయి. 1950లో జేమ్స్ స్టీవర్ట్ సినిమా ‘వించెస్టర్ 73’ ప్రచారం కోసం యూనివర్సల్ స్టూడియో వీటి యజమానులను వెతికించింది. ఆ తర్వాత వీటి మీద మోజు ఎక్కడికో వెళ్లిపోయింది. మోజు పెరిగిన చోట, మామూలు బారెల్ మీద ఆ నాలుగు మాటలు చెక్కేవాళ్లూ తయారవుతారు.

వాళ్లకు అడ్డుకట్ట వేసేది వయోమింగ్ రాష్ట్రం కోడీ పట్టణంలో ఉంది. బఫెలో బిల్ సెంటర్ ఆఫ్ ది వెస్ట్ మ్యూజియంలో వించెస్టర్ ఫ్యాక్టరీ లెడ్జర్లు భద్రంగా ఉన్నాయి. సీరియల్ నంబర్ పంపి ఫీజు కడితే, ఆ నంబర్ రైఫిల్ ఏ కాలిబర్‌లో (గుండు సైజులో), ఎలాంటి బారెల్‌తో, ఎప్పుడు బయటికి వెళ్లిందో లెటర్ ఇస్తారు. అన్నింటికీ కాదు. 1894 మోడల్‌కు మొదటి మూడున్నర లక్షల నంబర్ల వరకే రికార్డు ఉంది. ఆపై నంబర్ చూపిస్తూ ‘లెటర్ వస్తుంది’ అనేవాడి మాట నమ్మొద్దు.

లెటర్ ఉన్నా పని సగమే అయినట్టు. ఆ రోజు ఫ్యాక్టరీ గుమ్మం దాటింది ఏమిటో అది చెబుతుంది. మన చేతిలో ఉన్నది ఇంకా అదేనా అన్నది ఇనుమే చెప్పాలి. నేను కొన్న మొదటి 1894కు లెటర్ ఉంది. కాలిబర్, ఎనిమిది పలకల బారెల్ అన్నీ సరిపోయాయి. నల్లగా నిగనిగలాడుతోంది. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర భూతద్దం పెట్టి చూస్తే, తుప్పు తిన్న చిన్న చిన్న గుంటల్లో కూడా అదే నిగనిగ. గుంట ముందు పడింది, రంగు తర్వాత ఎక్కింది! ఒరిజినల్ బ్లూయింగ్, అంటే ఫ్యాక్టరీలో ఇనుముకు పట్టించిన నల్లరంగు, అని చెప్పి నాకు అంటగట్టింది నిజానికి రుద్ది, మళ్లీ రంగు పెట్టిన తుపాకి.

మన ఇళ్లలో ఇత్తడి బిందె మీద పేరు చెక్కించేవాళ్లు కదా. ఏళ్ల తరబడి చింతపండుతో తోమితే చేయి ఎక్కువగా తగిలే చోట అక్షరం అరుగుతుంది, మూలన ఉన్నది మిగులుతుంది. తుపాకీ అంతే. చేతి వాడకానికి అరిగితే అరుగుదల హెచ్చుతగ్గులుగా ఉంటుంది. మెషీన్ మీద బఫింగ్ చేస్తే అక్షరాలన్నీ ఒకేలా పలచబడతాయి, పలకల అంచులు గుండ్రంగా అవుతాయి, స్క్రూ చుట్టూ ఇనుము చిన్న పళ్లెంలా లోపలికి దిగుతుంది. ఇనుముకు బిగించిన కర్ర కూడా చూడాలి. ఫ్యాక్టరీలో అది ఇనుము కంటే వెంట్రుకవాసి ఎత్తుగా ఉండేది. ఇనుము కంటే దిగువకు పోయిందంటే గరుకు కాగితం పడిందన్నమాట. అలా మెరుగుపెట్టినదాని కన్నా వెలిసిపోయిన గోధుమరంగు తుపాకీనే నేను ఎక్కువ ధర పెట్టి కొంటాను.

ఇక ‘ఇది ఫలానా షెరీఫ్‌ది (అప్పటి పోలీసు అధికారిది)’ అనే కథలు. నిలబడే కథలూ ఉన్నాయి. 1886 మోడల్ ఒకటో నంబర్ రైఫిల్ 2016 వేలంలో 12 లక్షల 65 వేల డాలర్లు పలికింది. అపాచీ తెగ యోధుడు జెరోనిమోను లొంగదీసిన కెప్టెన్ హెన్రీ లాటన్‌కు ఆయన స్నేహితుడు జార్జ్ ఆల్బీ ఇచ్చిన బహుమతి అది. ఆ సంగతి తుపాకీ మీదే చెక్కి ఉంది. అలాంటి ఆధారమేదీ లేకుండా, ఓ ముసలాయన సంతకం పెట్టిన కాగితం చూపించి రెట్టింపు ధర చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే.

2014 నవంబర్‌లో నెవాడాలోని గ్రేట్ బేసిన్ నేషనల్ పార్క్‌లో ఒక జునిపర్ చెట్టుకు ఆనించిన 1873 మోడల్ దొరికింది. కర్ర ఎండి బీటలువారింది, కింది భాగం మట్టిలో కూరుకుపోయింది. కోడీ లెడ్జర్లు తిరగేస్తే 1882లో తయారై అదే ఏడాది వెళ్లిపోయిందని తేలింది. ఎవరి చేతికి వెళ్లిందో అందులో లేదు. ఆ ఒక్క ఏడాదే అలాంటివి 25 వేలకు పైగా చేశారు. మ్యూజియం వాళ్లు కర్ర ఇంకా ఊడిపోకుండా మాత్రం చూసి, దొరికిన రూపంలోనే ఉంచారు. ఏ బందిపోటు పేరో తగిలిస్తే జనం నమ్మేసేవాళ్లు. ఎవరిదో తెలియలేదనే చెప్పి అలాగే ప్రదర్శనకు పెట్టారు.