స్థానిక మొక్కలు కూడా ఎందుకు చచ్చిపోతాయి?

స్థానిక మొక్కలు నాటితే చాలు, నీళ్లూ పోషణా ఏమీ అక్కర్లేదన్న ప్రచారం వాటికి మేలు కన్నా కీడే ఎక్కువ చేసింది. ఆ మాట నమ్మి నాటినవాళ్లు రెండో ఏడు మొక్కల కన్నా ఎత్తు పెరిగిన కలుపును చూసి విసిగి అన్నీ పీకేస్తారు. నిజానికి అక్కడ చెడింది నాటిన తీరు.

ముందు స్థానికమంటే ఏమిటో తేల్చుకోవాలి. దేశం సరిహద్దుతో దీన్ని కొలవలేం. కొండవాలులో పెరిగే మొక్క అదే దేశంలోని తీరపు ఇసుకకు పరాయిదే. లాంటానా అనే పూలపొద పుట్టిల్లు ఉష్ణమండల అమెరికా. భారత్, ఆస్ట్రేలియా అడవుల్లో అదే ముళ్లకంపై కూర్చుంది. దాని పూల మీదా సీతాకోకచిలుకలు వాలతాయి కదా అంటారు. వాలతాయి, తేనె తాగి వెళ్లిపోతాయి. గుడ్లు పెట్టాలంటే పిల్లపురుగులు తినగలిగే ఆకు కావాలి. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకకు జిల్లేడు, మోనార్క్ అనేదానికి మిల్క్‌వీడ్ మొక్క అలాంటివి.

అలాగని ఉన్నవన్నీ ఒక్కరోజులో నరికేయక్కర్లేదు. అమెరికాలో వాషింగ్టన్ పరిసరాల ఇళ్ల తోటల్లో పిల్లల్ని ఇలాంటి పురుగులతో పెంచే కరోలైనా చికడీ పిట్టలపై జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. తోటలోని పచ్చదనంలో స్థానికేతర మొక్కల వాటా 30 శాతం దాటిన చోట ఆ పిట్టల సంతతి నిలబడే అవకాశం బాగా తగ్గిందని అది తేల్చింది. ఆ అంకెను ప్రతి ఊరికీ అతికించలేం. అయినా చూడాల్సింది దామాషా అన్నది అర్థమవుతుంది.

మొక్కలు కొనేముందు నేల ఎలాంటిదో చూడాలి. 30 సెంటీమీటర్ల లోతు, అంతే వెడల్పు గుంట తవ్వి నీళ్లు నింపండి. అవి ఇంకాక మళ్లీ నింపి, గంటకు ఎంత దిగిందో కొలవండి. 2.5 సెంటీమీటర్ల కన్నా తక్కువ దిగితే అక్కడ నీరు నిలుస్తుంది. తడి నేలను ఓర్చుకునే జాతులనే ఎంచుకోవాలి. 10 దాటితే ఇసుకపాలు ఎక్కువ, కరవును తట్టుకునేవి పెట్టాలి. ఎండ కూడా అంతే: రోజుకు ఆరు గంటలకు పైగా ఎండ పడే చోటు వేరు, మూడు గంటలే పడే చోటు వేరు. నేలను మొక్కకు తగ్గట్టు మార్చబోతే ఏటా ఆ చాకిరీ తప్పదు.

నాటేటప్పుడు చేసే మొదటి తప్పు, ప్రేమతో గుంటలో నింపే కంపోస్టు. బంకమట్టిలో గుంట తీసి దాన్నిండా మెత్తని మిశ్రమం నింపితే అది నేలలో పూడ్చిన తొట్టి అవుతుంది. చుట్టుపక్కల నీరంతా అందులో చేరుతుంది, వేళ్లు గట్టి మట్టిలోకి పోకుండా అక్కడే చుట్టలు చుట్టుకుంటాయి. పేద నేలకు అలవాటుపడిన మొక్క అయితే బలం ఎక్కువై సన్నగా సాగి, గాలికి వాలిపోతుంది. గుంట వేరుముద్దకు రెండింతల వెడల్పు ఉంటే చాలు, లోతు మాత్రం సరిగ్గా వేరుముద్ద ఎత్తంతే ఉండాలి. తవ్విన మట్టితోనే పూడ్చాలి.

రెండో తప్పు, మొక్కకూ మొక్కకూ మధ్య ఖాళీ వదలడం. ఖాళీ నేలను కలుపు వదలదు. నేలను కప్పే చిన్న మొక్కల్ని 35-40 సెంటీమీటర్ల దూరంలో పెడితే చదరపు మీటరుకు ఆరు నుంచి ఎనిమిది పడతాయి. పది చదరపు మీటర్లకు అరవైకి తక్కువ కావు. ఖర్చు భారమైతే మొక్కల్ని పలచన చేయకుండా విస్తీర్ణమే తగ్గించుకోండి. పొదను మాత్రం అది పూర్తిగా పెరిగాక ఉండే వెడల్పులో సగానికి మించి గోడకు ఎడంగా పెట్టాలి. మొదట్లో మధ్యలో మిగిలిన ఖాళీని 5-7 సెంటీమీటర్ల మందాన ఎండుటాకులతో కప్పండి, కాండానికి మాత్రం తగలనివ్వకండి. ఎండ తగిలే ఒక మూల కాస్త నేలను బోడిగానే వదలాలి, ఎందుకంటే తేనెపట్టు పెట్టని అడవి తేనెటీగ జాతుల్లో ఎక్కువ శాతం నేలలోనే గూడు కడతాయి.

మొదటి సంవత్సరం మొక్క పైకి కదిలినట్టే ఉండదు, ఎదుగుదలంతా వేళ్లలోనే. ఆ ఏడంతా నీళ్లు పోయాల్సిందే. రోజూ చిలకరించడం కన్నా, 15-20 సెంటీమీటర్ల లోతు తడిసేలా అప్పుడప్పుడు పోసి, మెల్లగా ఎడం పెంచాలి.

నర్సరీలో ముద్దపూల రకాలకు దూరంగా ఉండండి. వాటిలో కేసరాలే రేకులైపోతాయి కాబట్టి చాలావాటిలో పుప్పొడి ఉండదు. మొక్కంతా పాకే పురుగుమందు వాడారేమో కూడా అడగండి. అది ఆకులోనూ తేనెలోనూ మిగులుతుంది. పురుగు కొరికిన ఆకు కనిపిస్తే మందు సీసా తీయకండి, దానికోసమేగా నాటింది!