మా తాతను 'పాపం' అనొద్దు

వచ్చే నెల తాత సంవత్సరీకం. ఫ్యామిలీ గ్రూపులో ఇప్పుడే మొదలైంది. బాబాయి ఆయన ఫోటో పెట్టి, కింద దీపం బొమ్మ పెట్టి, "పాపం, బతికినన్నాళ్లు కుటుంబం కోసమే త్యాగం చేసిండు, తనకంటూ ఏం చూసుకోలేదు" అని రాశాడు. దానికి ఇరవై మంది దండాలు. నాకు ఆ 'పాపం' దగ్గరే మండింది. పెళ్లయ్యేదాకా పార్శిగుట్టలో ఆయనతో ఒకే ఇంట్లో పెరిగినదాన్ని, చెప్తున్నా వినండి.

తాత ఆర్టీసీ కండక్టర్. చాలా ఏళ్లు సికింద్రాబాద్ నుంచి జూపార్కుకు పోయే 7జెడ్ డబుల్ డెక్కర్ మీద చేశాడు. చిన్నప్పుడు నేను బస్సు నంబర్ ప్లేటు మీద ఉండే జెడ్ కూడా జూ అనే అనుకునేదాన్ని. "అది వేరే బిడ్డా, నిజాం వాళ్లమ్మ జెహ్రా బేగం పేరు మీద పెట్టించిండు" అనేవాడు. 1932లో 27 బస్సులతో సర్వీసు మొదలైందని కూడా, ఆ ఇరవై ఏడూ తనే కొన్నట్టు చెప్పేవాడు. అమ్మ పేరు బస్సులకు రాయించిన నిజాంను ఎవరూ పాపం అనరు కదా, మా తాతనే ఎందుకనాలి?

చిల్లర లేకపోతే కండక్టర్లు టికెట్ వెనక బాకీ రాసిస్తారు, తెలుసు కదా. తాత ఆ అలవాటును ఇంటికి తెచ్చాడు. జనం పారేసిన టికెట్లు ఏరుకొచ్చి, మేం ఏదైనా అడిగితే వెనక రాసిచ్చేవాడు: 'ఆదివారం జూ', 'దసరాకు చెప్పులు'. ఇచ్చిన మాట తప్పిన గుర్తు నాకైతే లేదు. కానీ ఇక్కడ అందరూ మర్చిపోయేది ఏంటంటే, మా బాకీలు కూడా ఆయన రాసుకునేవాడు. 'కాళ్లు ఒత్తుడు, పది నిమిషాలు.' 'నెత్తికి నూనె, ఒకసారి.' అవి వసూలు చేయకుండా వదిలింది లేదు, పరీక్షలున్నాయన్నా, నిద్రొస్తోందన్నా సరే. తన కాళ్లు ఒత్తలేదని మా అన్నతో రెండు రోజులు మాట్లాడలేదు కూడా. త్యాగం చేసే మనుషులు ఇట్లా లెక్క రాసుకుంటారా?

ఇక నుమాయిష్, అదే ఎగ్జిబిషన్. జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15న ముగిసేలోపు కనీసం మూడుసార్లు నాంపల్లికి పోవాల్సిందే. చలిలో పిల్లలందరినీ చేతులు పట్టించి వరసగా నడిపించేవాడు, తప్పిపోతే ఏ గేటు దగ్గర నిలబడాలో ముందే చెప్పేవాడు, జెయింట్ వీల్ ఎక్కించేవాడు. మా కోసం ఎంత కష్టపడుతున్నాడో అనుకునేదాన్ని. మొన్న నానమ్మను అడిగితే నవ్వింది. "మీ కోసమా? ఆయనకు ఆ చక్రం అంటే పిచ్చి. ముసలోడు ఒక్కడే ఎక్కితే నవ్వుతరని మిమ్మల్ని తోలుకపోయేటోడు."

అన్నీ సరదాలే అని నేను అనట్లేదు. పీఎఫ్ డబ్బులు అత్త పెళ్లికి, ఇంటి స్లాబుకు పోయాయి, అది నిజం. కొన్ని రాత్రులు మిద్దె మీద ఒక్కడే కూర్చుని, ఓ నోట్‌బుక్కులో వడ్డీలు లెక్కేసుకుంటూ ఉండేవాడు, మేం పైకి పోతే నోట్‌బుక్కు మూసేసేవాడు. ఆ టెన్షన్ ఆయన ఎవరికీ పంచలేదు. కాబట్టి ఆ రాత్రుల గురించి ఎవరైనా బాధపడితే నేను ఊరుకుంటా. మొత్తం మనిషిని ఆ మిద్దె మీదే కూర్చోబెడితే మాత్రం ఊరుకోను.

డబుల్ డెక్కర్లు తీసేసినప్పుడు ఆయన అన్నం కూడా సరిగ్గా తినలేదు. అదేమైనా మా కోసమా? మళ్లీ 2023లో ఎలక్ట్రిక్ డబుల్ డెక్కర్లు ట్యాంక్‌బండ్ మీదకు వస్తే తీసుకెళ్లాను. మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కి, నేను వద్దంటున్నా వినకుండా పైన ముందు సీట్లోకి పోయాడు. నా కొడుకు అక్కడ కూర్చుంటానని ఏడిస్తే, "నువ్వు వచ్చేటప్పుడు కూసో" అన్నాడు. ముని మనవడికి సీటివ్వని ముత్తాత! కాసేపటికి, "ఏసీ పెట్టి కిటికీలు మూసిండ్రు, గాలి రాని డబుల్ డెక్కర్ ఏం డబుల్ డెక్కర్" అని డ్రైవర్‌కు వినపడేలా తిట్టాడు కూడా. వచ్చేటప్పుడు కూడా ఆ సీటు ఆయనదే.

బాబాయ్, నువ్వు గ్రూపులో పెట్టిన ఆ ఫోటో నుమాయిష్‌లో నేను తీసిందే. ఆయన చేతిలో సగం కొరికిన మిర్చి బజ్జీ ఉండాలి, కట్ చేసింది నువ్వే. సంవత్సరీకం రోజు ఫ్రేమ్ కట్టించేటప్పుడు మాత్రం మొత్తం ఫోటో పెట్టు.