ఖాలిద్ జమీల్‌ని తిట్టేముందు అతని పదహారేళ్ల కోచింగ్ చూడండి

2025 నవంబరు 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో భారత ఫుట్‌బాల్ జట్టు 1-0తో ఓడింది. ఆ జట్టుకు మనం తలవంచడం 22 ఏళ్లలో అదే మొదటిసారి. అంతకు నెల ముందు మడ్గావ్‌లో సింగపూర్ చేతిలో ఓడి 2027 ఆసియా కప్ ఆశలు వదులుకున్నాం. ఇంకేముంది, సోషల్ మీడియా తీర్పు ఇచ్చేసింది: కోచ్ ఖాలిద్ జమీల్ వల్ల కాదు, మళ్లీ విదేశీ కోచ్‌ని తెండి. ఈ తీర్పు తప్పు. మన ఫుట్‌బాల్‌ని ఇక్కడిదాకా తెచ్చిన అలవాటే దాని వెనక కూడా ఉంది.

ముందు లెక్కలు సరిచూసుకుందాం. జమీల్‌ని కోచ్‌గా ప్రకటించింది 2025 ఆగస్టు 1న. అప్పటికే ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో రెండు మ్యాచ్‌లు అయిపోయాయి. షిల్లాంగ్‌లో ఇదే బంగ్లాదేశ్‌తో 0-0 డ్రా, హాంకాంగ్‌లో ఓటమి. రెండు మ్యాచ్‌లకు ఒక పాయింటు, గ్రూపులో అట్టడుగు స్థానం. అప్పటి కోచ్ స్పెయిన్‌కు చెందిన మనోలో మార్కెజ్, ఎఫ్‌సీ గోవా క్లబ్బుకీ దేశానికీ ఒకేసారి పనిచేశాడు. మునిగిపోతున్న పడవ చుక్కాని చేతికిచ్చి, ఒడ్డుకు చేర్చలేదేమని జమీల్‌ని అడుగుతున్నాం.

ఆ చుక్కాని పట్టుకున్న కొత్తలో అతనేం చేశాడో అప్పుడే మర్చిపోయాం. మధ్య ఆసియా టోర్నీ కాఫా నేషన్స్ కప్‌కి కోల్‌కతా క్లబ్బు మోహన్‌బగాన్ తన ఆటగాళ్లను పంపలేదు. ఉన్నవాళ్లతోనే వెళ్లి, మొదటి మ్యాచ్‌లోనే తజికిస్తాన్‌ని వాళ్ల సొంతగడ్డ మీద 2-1తో ఓడించాడు. ఇరాన్ చేతిలో 3-0తో ఓడినా, మూడో స్థానం కోసం ఆడిన మ్యాచ్‌లో, ర్యాంకింగ్‌లో మనకన్నా ఎంతో పైనున్న ఒమన్‌ని పెనాల్టీ షూటౌట్‌లో పడగొట్టాడు. ఆ వారమంతా ఇదే సోషల్ మీడియా అతన్ని నెత్తిన పెట్టుకుంది.

అసలు ఈ మనిషి ఎక్కణ్ణుంచి వచ్చాడు? కువైట్‌లో పుట్టాడు. మహీంద్రా యునైటెడ్, ఎయిర్ ఇండియా, ముంబయి ఎఫ్‌సీలకు మిడ్‌ఫీల్డర్‌గా ఆడాడు. దేశం తరఫునా ఆడాడు కానీ పెద్ద స్టార్ కాదు. గాయాలతో 2009లో ఆట ఆపేశాడు. అదే ఏడాది ముంబయి ఎఫ్‌సీ అతనికి కోచ్ బాధ్యత ఇచ్చింది. డబ్బు లేని క్లబ్బు, పేరున్న ఆటగాళ్లు రాని క్లబ్బు. ఏడేళ్లపాటు ఏటా కింది డివిజన్‌కి జారకుండా కాపాడుకొచ్చాడు. 2016లో అతను వెళ్లిపోయాడు. ఆ సీజన్‌లోనే ముంబయి ఎఫ్‌సీ ఆఖరి స్థానంలో నిలిచి కిందికి పోయింది.

అదే సీజన్‌లో అతని కొత్త జట్టు, మిజోరం క్లబ్బు ఐజ్వాల్, అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్‌లో ఛాంపియన్ అయింది. అంతకు ముందు ఏడాది కింది డివిజన్‌కు పడిపోయి, గోవా క్లబ్బులు తప్పుకోవడంతో మళ్లీ చోటు దొరికిన జట్టది. ముంబయిలో తనతో పనిచేసిన అశుతోష్ మెహతా, జయేష్ రాణే లాంటివాళ్లను, అంటే పెద్ద క్లబ్బులు పట్టించుకోని కుర్రాళ్లను, వెంట తీసుకెళ్లాడు. చివరి రోజు షిల్లాంగ్‌లో 1-1 డ్రాతో మోహన్‌బగాన్‌ని ఒక్క పాయింటు వెనక్కి నెట్టి కప్పు ఎగరేసుకుపోయాడు. ఈశాన్య భారతం నుంచి జాతీయ లీగ్ గెలిచిన మొదటి క్లబ్బు ఐజ్వాలే.

ఇలాంటి కోచ్ కోసం ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) క్లబ్బులు క్యూ కట్టాలి కదా? 2017-18 ఐఎస్‌ఎల్ మొదలైనప్పుడు పది జట్లుంటే పదింటికీ విదేశీ కోచ్‌లే. దేశ ఛాంపియన్ కోచ్‌కి అందులో కుర్చీ లేదు. ఈస్ట్ బెంగాల్, మోహన్‌బగాన్ తిరిగి, చివరికి నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌లో అసిస్టెంట్‌గా కూర్చున్నాడు. 2021 జనవరిలో అక్కడ విదేశీ కోచ్‌ని తీసేసి, సీజన్ మధ్యలో జట్టుని ఇతనికి అప్పగించారు. ఓటమి ఎరగకుండా లీగ్ దశ ముగించి సెమీస్‌కి తీసుకెళ్లాడు. ఆ తర్వాత గానీ పూర్తిస్థాయి హెడ్ కోచ్ పదవి ఇవ్వలేదు. ఐఎస్‌ఎల్‌లో ఒక భారతీయుడికి ఆ పదవి దక్కడానికి ఏడేళ్లు పట్టింది! జంషెడ్‌పూర్‌లోనూ అంతే. అక్కడా సీజన్ మధ్యలో పిలుపు, మరుసటి ఏడాది సెమీస్, సూపర్ కప్ ఫైనల్. ఆ ఫైనల్లో అతన్ని ఓడించిన గోవా కోచ్ ఎవరనుకున్నారు? అప్పటి భారత జట్టు కోచ్ మార్కెజే.

ఇక్కడే నాకు మండుతుంది. మన దగ్గర భారతీయ కోచ్ గుర్తొచ్చేది ఇల్లు కాలాకే. హైదరాబాద్ ఎఫ్‌సీనే చూడండి. జీతాల గొడవతో విదేశీయులు వెళ్లిపోయాక, 2024లో కుర్రాళ్లతో జట్టుని లాక్కొచ్చింది మణిపూర్‌కు చెందిన కోచ్ థాంగ్‌బోయ్ సింగ్టో. డబ్బున్నప్పుడు స్పెయిన్, డబ్బు లేనప్పుడు మణిపూర్! జాతీయ జట్టు కుర్చీకి 170 దరఖాస్తులు వస్తే, దేశమంతా మాట్లాడుకున్నది బార్సిలోనా మాజీ కోచ్ జావీ గురించి. చివరికి ఆ దరఖాస్తు బోగస్ అని తేలింది. పొరుగింటి పుల్లకూర మీద మనకున్న మోజుకి ఇంతకన్నా రుజువేం కావాలి?

జమీల్ ఆట చూడముచ్చటగా ఉండదన్న విమర్శ ఉంది. వెనక్కి తగ్గి, లాంగ్ బాల్స్ మీద ఆధారపడతాడంటారు. మడ్గావ్‌లో సింగపూర్‌పై చాంగ్టే 14వ నిమిషంలోనే గోల్ కొట్టినా జమీల్ జట్టు ఆ ఆధిక్యాన్ని నిలుపుకోలేకపోయింది, నిజమే. కానీ మార్కెజ్‌కి ముందు కోచ్‌గా ఉన్న క్రొయేషియా దేశస్థుడు స్టిమాచ్ అయిదేళ్లు అందమైన ఆట పేరు చెప్పి మనల్ని ఎక్కడికి చేర్చాడు? 41 ఏళ్ల ఛెత్రీని మళ్లీ పిలవాల్సిన దేశంలో స్ట్రైకర్లు లేకపోవడం జమీల్ తప్పు కాదు. క్లబ్బుల్లో ఆ స్థానం విదేశీయులకే ఇస్తూ వచ్చాం. దానికి తోడు, సెప్టెంబరులో మొదలు కావాల్సిన ఐఎస్‌ఎల్, ఫెడరేషన్‌కీ నిర్వాహకులకీ మధ్య ఒప్పందం తేలక, ఏడాది చివరిదాకా మొదలే కాలేదు. కమర్షియల్ హక్కులకు టెండర్ పిలిస్తే ఒక్క బిడ్డూ రాలేదు. లీగ్ లేని ఆటగాళ్లతో ఏ గార్డియోలా గెలిపిస్తాడు?

మనవాళ్లకు ఈ విద్య రాదనే మాట కనీసం హైదరాబాద్‌లో చెల్లకూడదు. సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత్‌కి ఫుట్‌బాల్‌లో ఉన్న రెండు ఆసియా క్రీడల స్వర్ణాలూ, 1951, 1962, ఆయన చేతిమీదుగా వచ్చినవే. ఆ తర్వాత నయీముద్దీన్ ఆటగాడిగా దేశానికి కెప్టెన్ అయ్యాడు, కోచ్‌గా ద్రోణాచార్య అందుకున్నాడు. షబ్బీర్ అలీ 1999లో సాల్గావ్‌కర్‌ని జాతీయ లీగ్ ఛాంపియన్‌ని చేశాడు. తర్వాతి పేరు చెప్పమంటే తడుముకోవాల్సిందే. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ సైతం 2025లో ఢిల్లీకి మారిపోయింది. గచ్చిబౌలిలో స్టేడియం మాత్రం మిగిలింది.

రహీం కూడా ఓడాడు, అదీ ఘోరంగా. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1. ఇవాళైతే విమానం దిగేలోపే ఉద్యోగం ఊడేది. అప్పుడు ఆ ఓటమి చూసి, అప్పటిదాకా చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడుతున్న ఆటగాళ్లకు బూట్లు అలవాటు చేశారు. నాలుగేళ్ల తర్వాత మెల్‌బోర్న్‌లో అదే రహీం జట్టు ఆస్ట్రేలియాని 4-2తో ఓడించి ఒలింపిక్ సెమీస్ ఆడింది. జమీల్‌కి ఇచ్చింది రెండేళ్ల కాంట్రాక్టు. దాన్ని పూర్తి చేయనివ్వండి. ఈలోపు ఫెడరేషన్ కొత్త కోచ్ కోసం వెతకడం మాని, ఆటగాళ్లకు ఏటా ఆగకుండా జరిగే లీగ్ ఒకటి చూపించాలి. క్లబ్బుల అసిస్టెంట్ కుర్చీల్లో ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్న మన కోచ్‌లకు సీజన్ మధ్యలో కాకుండా, మొదటి రోజు నుంచే జట్లు అప్పగించేలా క్లబ్బుల మీద ఒత్తిడి తేవాలి.