కదా అనడానికి ఇంత కథా?

ఒక మాట అన్నాక ఎదుటివాడి చేత ఔననిపించుకోవాలని ఎవరికైనా ఉంటుంది. దానికి తెలుగులో రెండక్షరాలు చాలు: కదా. వచ్చాడు కదా, రాలేదు కదా, వెళ్దాం కదా. కర్త ఎవరు, కాలం ఏది అని 'కదా' ఎవర్నీ నిలదీయదు. ఫ్రెంచివాళ్లు కూడా 'నెస్పా' అనే ఒక్క ముక్కతో సరిపెట్టుకుంటారు. ఇంత చవగ్గా అంగీకారం దొరికితే దానికి విలువేముంటుందని ఇంగ్లీషు భావించింది. అందుకే వాక్యం చివర తోకలా తగిలించే చిన్న ప్రశ్న, క్వశ్చన్ ట్యాగ్ పెట్టింది. ఈ ముందుచూపును మనం మెచ్చుకోవాలి.

పద్ధతి తేలికే. ముందు మీ వాక్యంలో సహాయక క్రియను పట్టుకోవాలి. అవునంటే కాదని, కాదంటే అవునని తిప్పాలి. కర్తను సర్వనామంగా మార్చాలి. కామా తర్వాత రెంటినీ తిరగేసి తగిలించాలి. 'షి ఈజ్ కమింగ్, ఈజెంట్ షి?' సహాయక క్రియ లేకపోతే 'డు', 'డజ్', 'డిడ్'లలో ఒకదాన్ని కూలికి పిలవాలి: 'హి లైక్స్ మ్యూజిక్, డజెంట్ హి?' నేను ఒకసారి ఒకాయనతో 'దిస్ ఈజ్ యువర్ అంబ్రెల్లా' అని మొదలుపెట్టి, 'దిస్'కి ట్యాగ్‌లో 'దిస్' రాదు, 'ఇట్' రావాలి అని గుర్తు తెచ్చుకునేలోపు ఆయన వానలోకి వెళ్లిపోయాడు. గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది.

అసలు పరీక్ష మారువేషంలో తిరిగే 'కాదు'లది. 'నెవర్', 'హార్డ్లీ', 'సెల్డమ్' మొహాన 'నాట్' కనిపించదు, కడుపులో మాత్రం ఉంటుంది. అందుకే 'హి హార్డ్లీ స్పీక్స్, డజ్ హి?' వీటికి గురువు 'ఫ్యూ'. 'ఫ్యూ పీపుల్ కేమ్' అంటే 'డిడ్ దే?' 'ఎ ఫ్యూ పీపుల్ కేమ్' అంటే 'డిడెంట్ దే?' వచ్చింది ఆ నలుగురే, కూర్చున్నది ఆ కుర్చీల్లోనే. మధ్యలో ఒక 'ఎ' దూరగానే పెదవి విరుపు కాస్తా సంతృప్తి అయిపోయింది, తోక కూడా తిరగబడింది. 'నోబడీ కాల్డ్, డిడ్ దే?' సంగతి ఇంకా గొప్పది. ఎవరూ ఫోన్ చేయలేదంటూనే, ఆ చేయనివాళ్లందరికీ బహువచనం! లేనివాళ్లకు ఇంత మర్యాద ఏ భాష ఇస్తుంది?

'ఐ ఆర్' అని రాసిన పిల్లవాడికి సున్నా వేస్తారు. అదే వ్యాకరణం కామా దాటగానే 'ఐ యామ్ లేట్, ఆరెంట్ ఐ?' అంటుంది. ప్రామాణిక ఇంగ్లీషులో 'యామెంట్' చెల్లదట. 'యామ్ ఐ నాట్' అనొచ్చు గానీ, ఆలస్యంగా వచ్చినవాడు అంత దర్జాగా మాట్లాడితే బాగుండదు. 'లెట్స్'కి 'షల్ వి' ఎక్కణ్ణుంచి వచ్చిందని అడక్కండి. 'ఐ థింక్ హి ఈజ్ రైట్'కి మాత్రం 'ఈజెంట్ హి' రావాలి. అనుకున్నది నేను, తోక ఆయనకు.

ఇంత కసరత్తు చేశాక తెలిసేదేమిటంటే, అసలు అర్థం గొంతులో ఉంది. చివర్లో గొంతు పైకి లేస్తే నిజంగా అడుగుతున్నట్టు, కిందికి దిగితే ఔననమని బతిమాలుతున్నట్టు. జవాబులో ఇంకో గుంట. 'యు డిడెంట్ ఈట్, డిడ్ యు?' అంటే మనం 'అవును, తినలేదు' అనుకుని 'యస్' అంటాం. ఇంగ్లీషువాడికి అది తిన్నాననడం. ఆకలితో ఉన్నవాడు నిజం చెప్పి మరీ పస్తుండాలి.

ఈ తలనొప్పి పడలేక మనం అన్నిటికీ 'ఈజెంట్ ఇట్' తగిలించేశాం. 'యు ఆర్ గోయింగ్, ఈజెంట్ ఇట్?' అంటే ఎర్ర పెన్ను పడుతుంది. అదే మాటను లండన్ కుర్రాళ్లు 'యు ఆర్ గోయింగ్, ఇనిట్?' అంటే భాషాశాస్త్రవేత్తలు రికార్డర్ పట్టుకుని వాళ్ల వెంట పడతారు.