క్రిస్టీ రింగ్ అన్నేళ్లు ఆడింది పోటీ లేకనా?

ఐర్లాండ్‌లోని కార్క్ ఎయిర్‌పోర్టు బయట చేతిలో హర్లీ కర్ర పట్టుకున్న ఒకాయన విగ్రహం ఉంటుంది. చదువుకో ఉద్యోగానికో వచ్చి దిగే మనవాళ్లు చాలామంది దాని ముందునుంచే ట్రాలీలు తోసుకుంటూ పోతారు. అది క్రిస్టీ రింగ్ విగ్రహం. కార్క్ కౌంటీలోనే క్లోయిన్ అనే ఊళ్లో 1920 అక్టోబరులో పుట్టాడు. 1939 నుంచి 1960ల మొదటిదాకా, దాదాపు 24 సీజన్లు, కార్క్ కౌంటీ జట్టుకి హర్లింగ్ ఆడాడు, కర్రతో బంతిని కొట్టే ఐర్లాండ్ సొంత ఆట అది. ఎనిమిది ఆల్ ఐర్లాండ్ టైటిళ్లు, అంటే కౌంటీ జట్ల మధ్య జరిగే దేశ చాంపియన్‌షిప్‌లు, గెలిచాడు.

ఇతని పేరెత్తితే చాలు, ఒక వాదన చక్కర్లు కొడుతుంది. రింగ్ గొప్పతనమంతా తాతల కబుర్లేనట. ఆ రోజుల్లో గట్టి జట్లు మూడుకు మించి లేవట. జీతం లేని ఆట కాబట్టి ఓపికున్నన్నాళ్లు ఆడుకోవచ్చట, పొమ్మనేవాడు లేడట. ప్రావిన్స్‌ల మధ్య జరిగిన రైల్వే కప్‌లో అతని 18 మెడల్స్ ఉత్త ఎగ్జిబిషన్ మ్యాచ్‌లవట. ఇక అంకెలు తీస్తే కిల్‌కెనీ ఆటగాడు హెన్రీ షెఫ్లిన్‌వి 27 గోల్స్, 484 పాయింట్లు. రింగ్‌వి 33 గోల్స్, 208 పాయింట్లు, కాబట్టి పోలికే లేదట. పైగా అప్పటి ఆట నత్తనడకట. ఇందులో ఒకటీ అరా నిజాలు లేకపోలేదు. వాటిని నిజాలనే ఒప్పుకుంటాను. మిగతావి ఒక్కొక్కటీ చూద్దాం.

ముందు ఆట తెలియనివాళ్లకి రెండు ముక్కలు. జట్టుకి 15 మంది. యాష్ చెట్టు కలపతో చేసిన కర్ర, తోలు బంతి. బంతి క్రాస్‌బార్ కిందనుంచి నెట్‌లోకి పోతే గోల్, దానికి మూడు పాయింట్లు. బార్ పైనుంచి పోతే ఒక్క పాయింటు. 2-14 అని రాస్తే రెండు గోల్స్, పద్నాలుగు పాయింట్లు, అంటే మొత్తం 20.

ఇప్పుడు జట్ల సంగతి. ఈ వాదన చేసేవాళ్లు విజేతల జాబితా తెరిచి చూసినట్టు లేరు. 1940 నుంచి 1962 వరకు ఆల్ ఐర్లాండ్ గెలిచిన కౌంటీలు ఇవి: లిమరిక్, కార్క్, టిప్పరేరీ, కిల్‌కెనీ, వాటర్‌ఫర్డ్, వెక్స్‌ఫర్డ్. ఆరు. షెఫ్లిన్ మొదటి టైటిల్ గెలిచిన 2000 నుంచి 2015 వరకు చూడండి. కిల్‌కెనీ, టిప్పరేరీ, కార్క్, క్లేర్. నాలుగు. 2018 నుంచి 2025 దాకా అయితే లిమరిక్, టిప్పరేరీ, క్లేర్, మూడే. జట్లు తక్కువైతే మెడల్ చవకైపోతుందన్న సూత్రమే గనక పెట్టుకుంటే, అది ముందు ఎవరి మెడకి చుట్టుకుంటుందో చెప్పక్కర్లేదు. నేనైతే షెఫ్లిన్‌ని ఆ మాట అనను. అది అతనికీ అన్యాయమే.

ఒప్పుకోవాల్సింది ఇక్కడే ఒకటుంది. రింగ్ ఎనిమిది టైటిళ్లలో మొదటిదానికి, 1941 నాటి దానికి, పక్కన ఒక చుక్క పెట్టాల్సిందే. ఆ ఏడు పశువులకి గాలికుంటు వ్యాధి వచ్చింది. జనం ఒకచోట నుంచి ఇంకోచోటికి తిరగడం మీద ఆంక్షలు పెట్టారు. కార్క్ ఉండే మన్‌స్టర్ ప్రావిన్స్ ఫైనల్, అంటే అక్కణ్నుంచి ఆల్ ఐర్లాండ్‌కి ఎవరు వెళ్లాలో తేల్చే మ్యాచ్, ఆడే వీలు లేకపోయింది. దాంతో టిప్పరేరీతో ఆడకుండానే కార్క్‌ని మన్‌స్టర్ తరఫున పంపారు. కార్క్ ఫైనల్లో డబ్లిన్‌ని చిత్తుగా ఓడించి ఆల్ ఐర్లాండ్ కప్పు తెచ్చుకుంది. ఆ తర్వాత, వ్యాధి తగ్గాక, వాయిదా పడ్డ మన్‌స్టర్ ఫైనల్ ఆడితే గెలిచింది టిప్పరేరీ! దేశం మొత్తానికి చాంపియన్, సొంత ప్రావిన్స్‌లో ఓడిన జట్టు. టిప్పరేరీవాళ్లు దీన్ని మర్చిపోతారని ఎవరూ అనుకోనక్కర్లేదు.

సరే, ఎనిమిదిలో ఒకటి అలా వచ్చింది. మిగతా ఏడూ?

అప్పటి పద్ధతి ఇది: ఓడితే ఇంటికే. 1997 దాకా చాంపియన్‌షిప్‌లో రెండో అవకాశమన్న మాటే లేదు. ఇప్పుడు ప్రావిన్స్‌లో అందరూ అందరితో ఆడతారు, ఒకసారి తడబడ్డా లేచి నిలబడొచ్చు. రింగ్ కాలంలో ఏడాదంతా చేసిన సాధన ఒక ఆదివారం మధ్యాహ్నం గంటసేపట్లో తేలిపోయేది. అతను చాంపియన్‌షిప్‌లో ఆడిన మ్యాచ్‌లు మొత్తం 64. 24 సీజన్లకి 64, అంటే ఏడాదికి మూడు కూడా పడలేదు. షెఫ్లిన్ 16 సీజన్లలో 71 ఆడాడు. పైగా కార్క్ దారిలో మొదట అడ్డుపడేది మన్‌స్టర్: టిప్పరేరీ, లిమరిక్, వాటర్‌ఫర్డ్, క్లేర్. 1949, 50, 51 మూడేళ్లూ కార్క్‌ని ఇంటికి పంపింది టిప్పరేరీయే, ఆ మూడేళ్లూ ఆల్ ఐర్లాండ్ గెలిచిందీ టిప్పరేరీయే. 1952, 53, 54 వరసగా గెలిచిన కార్క్, 1955లో క్లేర్ చేతిలో మొదట్లోనే కొట్టుకుపోయింది. 1947 ఫైనల్ కిల్‌కెనీ 0-14, కార్క్ 2-7. లెక్క వేసుకోండి, ఒక్క పాయింటు తేడా. ఇన్ని సీజన్లలో ఎనిమిది గెలిచాడంటే పదహారు ఓడిపోయి బయటికొచ్చాడని అర్థం. పోటీ లేని ఆటలో ఇన్నిసార్లు ఎవడు ఓడతాడు?

1944 మన్‌స్టర్ ఫైనల్ రీప్లే ఒక్కటి కాస్త దగ్గరనుంచి చూడాలి. యుద్ధకాలం, పెట్రోలు లేదు, రైళ్లు అంతంతమాత్రం. జనం సైకిళ్లేసుకుని థర్లెస్ ఊరికి వచ్చారు. అందుకే ఆ మ్యాచ్‌కి సైకిళ్ల ఫైనల్ అనే పేరు నిలిచిపోయింది. అవతల లిమరిక్, వాళ్ల తరఫున మిక్ మాకీ, అప్పటికి హర్లింగ్‌లో అతన్ని మించిన పేరు లేదు. మాకీ బంతిని నెట్‌లోకి కొట్టాడు గానీ రిఫరీ ఆ గోల్ ఇవ్వలేదు. ఆట ఆఖరికొచ్చింది, స్కోరు సమం. రింగ్ తన సగంలోనే బంతి అందుకుని పరుగు తీశాడు. ఎదురొచ్చినవాళ్లని దాటుకుంటూ వెళ్లి కొట్టిన దెబ్బకి గోల్. గెలుపు కార్క్‌ది. సైకిలు తొక్కుకుంటూ వచ్చినవాళ్లు మళ్లీ అంత దూరం తొక్కుకుంటూ వెళ్లారు. లిమరిక్ వైపు వెళ్లినవాళ్లకి ఆ దారి ఇంకాస్త పొడుగనిపించి ఉంటుంది.

జీతం లేని ఆట కాబట్టి ఎన్నాళ్లయినా ఆడొచ్చన్న మాట వింటే నవ్వొస్తుంది. జీతం లేదంటే తీరిక ఉందని కాదు, లేదని. రింగ్ షెల్ కంపెనీ ఆయిల్ లారీ నడిపేవాడు. పొద్దున డ్యూటీ, తర్వాతే ఆట. దెబ్బ తగిలితే పోయేది ఆట ఒక్కటే కాదు, స్టీరింగ్ కూడా. అది అంత తేలికే అయితే అతని తోటివాళ్లంతా పాతికేళ్లు ఆడి ఉండాలి కదా. జాక్ లించ్ ఉన్నాడు, 1941 నుంచి 1946 వరకు వరసగా ఆరేళ్లు ఆల్ ఐర్లాండ్ మెడల్స్ గెలిచినవాడు, ఐదు హర్లింగ్‌లో, ఒకటి గేలిక్ ఫుట్‌బాల్‌లో. 1950ల మొదటికల్లా ఆట పక్కన పెట్టి రాజకీయాల్లో పడ్డాడు, తర్వాత దేశ ప్రధాని అయ్యాడు. అతను తప్పుకున్నాక కూడా రింగ్ ఇంకో పదేళ్లు ఆడాడు. ఆ తరంలో టిప్పరేరీ డిఫెండర్ జాన్ డోయిల్ ఒక్కడే టైటిళ్లలో రింగ్ సరసన నిలిచాడు, ఎనిమిదితో. అతనూ 1949లో మొదలుపెట్టి 1967లో ఆపేశాడు.

అసలు రింగ్ గురించి వాదించేటప్పుడు రెండు పక్షాలవాళ్లూ ఆ ఎనిమిది మెడల్స్ దగ్గరే కొట్టుకుంటారు. నాకు ముఖ్యమనిపించేది మెడల్స్ ఆగిపోయాక ఏం జరిగిందన్నది. 1954 ఫైనల్, వెక్స్‌ఫర్డ్ మీద. డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ స్టేడియానికి వచ్చిన జనం 84,856. హర్లింగ్‌లో ఆ సంఖ్యని ఇంతవరకు ఎవరూ దాటలేదు. కెప్టెన్‌గా మూడోసారి కప్పు ఎత్తాడు, అది ఎనిమిదో మెడల్. అప్పటికి 33 ఏళ్లు. ఆ తర్వాత ఇంకొక్కటి కూడా రాలేదు. పాతపేరు మీద బతికేవాడైతే అక్కడ ఆగేవాడు, లేదా జట్టే పక్కన పెట్టేది.

1956 మన్‌స్టర్ ఫైనల్. లిమరిక్ ఆటని చేతిలోకి తెచ్చేసుకుంది, రింగ్‌ని కదలనివ్వడంలేదు. ఆఖరి నిమిషాల్లో చకచకా మూడు గోల్స్ కొట్టాడు. కార్క్ గెలిచింది. ఆల్ ఐర్లాండ్ ఫైనల్లో మళ్లీ వెక్స్‌ఫర్డ్. ఆట చివర్లో వెక్స్‌ఫర్డ్ రెండే పాయింట్ల ఆధిక్యంలో ఉండగా రింగ్ గోల్ వైపు కొట్టాడు, గోలీ ఆర్ట్ ఫోలీ ఆపేశాడు. ఆ బంతి అటుపక్కకి వెళ్లి వెక్స్‌ఫర్డ్‌కి గోల్ అయ్యింది. చివరికి 2-14, 2-8. తొమ్మిదో మెడల్ అక్కడే చేజారింది. ఆట ముగిశాక ఓడినవాణ్ణి గెలిచినవాళ్లు భుజాల మీద ఎత్తుకున్నారు. నిక్ ఓడానెల్, బాబీ రాకర్డ్, ఇద్దరూ వెక్స్‌ఫర్డ్ డిఫెండర్లే, ఆ రోజంతా అతన్ని ఆపడానికి చెమటోడ్చినవాళ్లు. తాతల కబుర్లు అనేవాళ్లు ఇది కూడా కబురే అంటారేమో. అతన్ని ఎత్తుకున్న ఆ రోజుకి వాళ్లు తాతలు కాదు, ప్రత్యర్థులు.

1957లో రింగ్ చెయ్యి దెబ్బతిని మైదానం బయటికి నడుస్తుంటే గోల్ అంపైర్‌గా నిలబడి ఉన్నవాడు మిక్ మాకీ. ఆ ఇద్దరూ ఒకర్నొకరు చూసి ఏదో అనుకుంటున్న ఫోటో ఐర్లాండ్‌లో పబ్బుల గోడల మీద ఇప్పటికీ వేలాడుతుంటుంది. ఒకప్పుడు ఎదురుగా ఆడినవాడు తెల్లకోటు వేసుకుని అంపైరింగ్‌కి దిగాడు, ఇవతలివాడు ఇంకా ఆడుతూనే ఉన్నాడు. మళ్లీ తిరిగొచ్చాడు కూడా. 1959లో ఏడాది మేటి ఆటగాడికిచ్చే కాల్‌టెక్స్ అవార్డు రింగ్‌కి దక్కింది. ఆ ఏడు కార్క్ మన్‌స్టర్ దాటలేదు, ఆల్ ఐర్లాండ్ వాటర్‌ఫర్డ్ ఎత్తుకుపోయింది. అయినా అవార్డు ఇచ్చింది 39కి దగ్గరపడ్డ లారీ డ్రైవర్‌కి.

రైల్వే కప్ మాటకి ఎక్కువసేపు అక్కర్లేదు. నాలుగు ప్రావిన్స్‌ల మధ్య పోటీ, ఫైనల్ సెయింట్ పాట్రిక్ పండగరోజు క్రోక్ పార్క్‌లో. కప్పు దక్కాలంటే ఒకటి రెండు మ్యాచ్‌లు గెలిస్తే చాలు, నిజమే. కానీ మన్‌స్టర్ జట్టులో చోటు దొరకాలంటే కార్క్, టిప్పరేరీ, లిమరిక్, వాటర్‌ఫర్డ్, క్లేర్ వాళ్లందరిలో మొదటి పదిహేను మందిలో ఉండాలి. 1942లో ఉన్నాడు, 1963లోనూ ఉన్నాడు. ఆ పోటీ తర్వాత్తర్వాత కళతప్పి ఖాళీ స్టాండ్ల ముందు సాగింది కాబట్టి ఇప్పటివాళ్లకి ఎగ్జిబిషన్‌లా కనిపిస్తుంది. 1950ల్లో ఆ ఫైనల్‌కి వేలకి వేలమంది వచ్చేవారు.

ఇక అంకెలు. రింగ్ 33 గోల్స్, షెఫ్లిన్ 27, అదీ ఏడు మ్యాచ్‌లు ఎక్కువాడి. ఆ ముక్క మాత్రం ఎవరూ షేర్ చెయ్యరు. పాయింట్లలో షెఫ్లిన్ చాలా ముందున్నాడు, కాదనను. అయితే రింగ్ ఆడింది గంట ఆట, షెఫ్లిన్ ఆడింది 70 నిమిషాలు. 1954 ఫైనల్ స్కోరు 1-9, 1-6. రెండు జట్లూ కలిపి 21. 2014లో కిల్‌కెనీ, టిప్పరేరీ సమంగా ముగించిన ఫైనల్ 3-22, 1-28. రెండూ కలిపి 62. మూడింతలు. ఇప్పుడు తేలికైన బంతి, వెడల్పాటి కర్ర, ఫౌల్‌కి దొరికిన ఫ్రీ ఎనభై మీటర్ల నుంచి కొడితే పాయింటు. రూపాయి విలువ చూడకుండా 1954 జీతాన్నీ ఇప్పటి జీతాన్నీ పక్కపక్కన పెట్టి ఎవరు ధనవంతుడో తేల్చే లెక్క ఇది. మెడల్స్‌తోనే అంతా కొలిచేవాళ్లు కార్క్‌లోనే ప్యాట్రిక్ హోర్గన్ని చూడొచ్చు. 2008 నుంచి 2025 దాకా ఆడి, స్కోర్ల పట్టికలో శిఖరానికి చేరి, ఒక్క ఆల్ ఐర్లాండ్ మెడల్ లేకుండా వెళ్లిపోయాడు.

నత్తనడక మాట మిగిలింది. ఇప్పుడు హెల్మెట్ తప్పనిసరి. రింగ్ తలకి ఉన్నదల్లా ఒక్కోసారి గుడ్డ టోపీ. గోలీ మీదికి మనిషికి మనిషి దూసుకుపోయే ఆట అది. ఇప్పటి ఆటగాళ్లకి ఫిట్‌నెస్ ఎక్కువ, పరుగు ఎక్కువ, ఆ మాట నిజం. కానీ చేతివాటం సంగతి వేరు. రింగ్ మీదే 1964లో గేల్ లిన్ సంస్థ ఒక సినిమా తీసింది, ఆటలో మెళకువలన్నీ అతనే కెమెరా ముందు చేసి చూపించాడు. అప్పటికి నలభై దాటాయి. నత్తనడక అనేవాళ్లు ముందు అది చూసి, ఆ మణికట్టు తిరగడం చూసి రండి. అప్పుడు మాట్లాడుకుందాం.