వాదన వ్యాసం: చట్రం ముందా, ఎదుటి పక్షం ముందా?

కోనసీమలోని ఒక ఉన్నత పాఠశాలలో ఇద్దరు ఉపాధ్యాయుల మధ్య జరిగినట్టుగా ఊహించి రాసిన వాదమిది. తొమ్మిదో తరగతి పిల్లలకు వాదన వ్యాసం నేర్పడం ఎలాగన్నది విషయం. నా మొగ్గు టీచరు వైపే గాని, మాస్టారి మాటల్లోని బలాన్ని తగ్గించి రాయలేదు.

తెలుగు మాస్టారు: టీచర్ గారూ, ఉపోద్ఘాతం, విషయ విశ్లేషణ, ముగింపు అనే వరుసను మీరు చిన్నచూపు చూస్తున్నారు. వరుసగా నాలుగు వాక్యాలు కూర్చలేని పిల్లవాడికి తెల్లకాగితం ఇచ్చి నీ అభిప్రాయం రాయమంటే, భయపడి ఖాళీగానే తిరిగి ఇస్తాడు. దేని తరువాత ఏది రావాలో చెబితే కనీసం రాయడం మొదలుపెడతాడు.

సోషల్ టీచర్: వరుస తెలియడం మంచిదే, మాస్టారూ. కానీ ఆ వరుసలో వారు రాస్తున్నది వాదన కాదు. వరి చేలను రొయ్యల చెరువులుగా మార్చవచ్చా అని అడిగితే, మొదట డెల్టా పచ్చదనాన్ని పొగిడి, మధ్యలో కొన్ని లాభాలూ కొన్ని నష్టాలూ చెప్పి, చివర అందరూ ఆలోచించాలని ముగిస్తారు. మార్చవచ్చో కూడదో చదివినవారికి తెలియదు. మన శాస్త్రకారులు పూర్వపక్షాన్ని, అంటే ఎదుటివారి వాదనను, నిలబెట్టిన తరువాతే తమ సిద్ధాంతం చెప్పారు. పిల్లలకూ మొదట నేర్పవలసింది అదే.

మాస్టారు: అది పండితుల పద్ధతి, అమ్మా. ఈ వయసు పిల్లలు ఎదుటి పక్షాన్ని బలంగా రాయబోయి తమ పక్షాన్నే వదిలేస్తారు.

టీచర్: వదిలేస్తే, దానికి తగిన కారణం తమ దగ్గర లేదని వారికే తెలుస్తుంది. వీరేశలింగం గారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించడానికి ముందే, అటువంటి వివాహం శాస్త్రసమ్మతమని ధర్మశాస్త్రాల ఆధారంతోనే వాదించారు. జాలి చూపమని మాత్రమే అడిగి ఉంటే, శాస్త్రం ఒప్పుకోదన్న ఒక్క మాటతో ప్రతిపక్షులు తోసిపుచ్చేవారు. ఎదుటివారు దేనిని ప్రమాణంగా నమ్ముతారో తెలుసుకోకుండా అలా వాదించడం ఎవరికీ సాధ్యం కాదు.

మాస్టారు: ఒప్పుకుంటాను. మరి తరగతి గదిలో దానిని నేర్పేదెలా?

టీచర్: మన పాత తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలో వాదనకు ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం అని ఐదు భాగాలు ఉన్నాయి కదా. చెరువు వల్ల పక్క చేను దెబ్బతింటుందన్నది ప్రతిజ్ఞ, అంటే రుజువు చేయవలసిన మాట. ఉప్పునీరు ఊరుతుందన్నది హేతువు. ఉప్పు చేరిన నేలలో వరి సరిగా పండదన్నది ఉదాహరణతో చూపే నియమం. పిల్లలు ఇక్కడి నుంచి నేరుగా నిగమనానికి, అంటే చివరి నిర్ణయానికి, వెళ్లిపోతారు. ఆ నియమం మన ఊరి చెరువుకు వర్తిస్తుందని చూపే ఉపనయం రాయరు. కాలువ నీటితో చేపలు పెంచే చెరువులూ ఉన్నాయి. మనం మాట్లాడుతున్న చెరువులో ఉన్నది ఏ నీరు, గట్టుకూ చేనుకూ మధ్య మురుగు కాలువ ఉందా అని వెళ్లి చూసి రాయాలి. వాదన నిలబడేదీ కూలేదీ అక్కడే.

మాస్టారు: అయితే మీదీ చట్రమే! మూడు గదులకు బదులు ఐదు గదులు.

టీచర్: చట్రమే, కాదనను. ఏది ఎన్ని పంక్తులు ఉండాలో కాక, ఏది రుజువు చేయాలో అడిగే చట్రం కావాలంటున్నాను.

మాస్టారు: సరే. చెరువును లీజుకిచ్చిన రైతు కొడుకూ, ఆ పక్కనే చేను పాడైన రైతు కూతురూ ఒకే తరగతిలో ఉంటారు. ఊరి తగవును బడిలోకి తెస్తే ఆ పిల్లలకు కలిగే బాధకు బాధ్యులెవరు?

టీచర్: ఆ భయం నాకూ ఉంది. అయినా 2011లో కోనసీమ రైతులు వరి గిట్టుబాటు కావడం లేదని పంట విరామం ప్రకటించి ఖరీఫ్ సాగు మానుకున్నారు. ఆ సంగతికి జవాబు చెప్పకుండా చెరువు రైతును దురాశాపరుడని రాసే హక్కు ఆ అమ్మాయికి లేదు. ఉప్పు చేరిన చేను సంగతి దాటవేసే హక్కు ఆ అబ్బాయికీ లేదు. ఒకరి పక్షాన్ని మరొకరు రాసి చదివి వినిపించాలి. విన్నవారు, మేము చెప్పేది ఇదేనని ఒప్పుకునేదాకా తిరగరాయాలి.

మాస్టారు: నలభై వ్యాసాలను అన్నిసార్లు నేను దిద్దలేను. తొలి దిద్దుబాటు పిల్లలే ఒకరికొకరు చేసుకుంటే తెలుగు పీరియడ్లు ఇస్తాను. మొదటి వ్యాసం మాత్రం సెలవు రోజుల్లో ప్రత్యేక తరగతులు ఉండాలా అన్న విషయం మీద రాయించండి.

టీచర్: అలాగే, మాస్టారూ. రెండో వ్యాసం చెరువుల మీదే.